సున్నా నంబరు పేజీ

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ చాప కొస లాక్కుని కూర్చోండి. ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. పేరంటానికి వచ్చినట్టు విని లేచిపోయే కథ కాదు ఇది.

మీ ఇంటికి ఏ కొత్త సామాను వచ్చినా, దాని ప్రమాణాల పుస్తకం తెరిస్తే మొదటి పేజీ తెల్లగా ఉంటుంది, చూశారా? పైన మూలన ఒక్క సున్నా. ఇంకో అక్షరం ఉండదు. అచ్చు తప్పేమో అనుకుంటారు. కాదమ్మా. ఆ తెల్ల పేజీ వెనక ఒక మనిషి చెయ్యి ఉంది. మాటవరసకి అనడం లేదు, నిజంగా చెయ్యే. చెప్తాను వినండి.

విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఒక కొండ మీద, సిమెంటు ప్రమాణాల కమిటీ ఆఫీసు ఉండేది. ప్రమాణాలంటే మరేం లేదు. వస్తువు ఎంత గట్టిగా ఉండాలి, దాన్ని ఎలా పరీక్ష చెయ్యాలి, ఏ పరీక్షలో నిలిస్తే వాడుకోవచ్చు, ఇవన్నీ వరసగా నంబర్లు వేసి ఒక పుస్తకంలో రాయడం. నంబరు వేసిన ఒక్కో మాటనీ క్లాజు అంటారు. ఆ కమిటీకి కార్యదర్శి హైమవతి. యాభై ఏళ్ళ మనిషి. నూలు చీర, కళ్ళద్దాలకి నల్లతాడు. ఆవిడ చెప్పుల చప్పుడు వినపడితే ఇంజనీర్లు బల్లల మీద కాయితాలు సర్దుకునేవాళ్ళు.

ఆవిడకి నియమాలంటే ప్రాణం. ఎందుకంటే ఆవిడ అన్నగారు నీళ్ళ ట్యాంకు కూలి పోయాడు. వీధి కుళాయి కింద బిందె పెట్టి నిలబడ్డవాడు నిలబడ్డట్టే. తర్వాత విచారిస్తే తేలిందేమిటి? ట్యాంకు గోడలో ఎంత ఇనుము వెయ్యాలో చెప్పే అంకెని కమిటీలో ఒక పెద్దమనిషి కాఫీ తాగుతూ తగ్గించేశాడు. కాయితం లేదు, కారణం లేదు. "అలా రాసెయ్యండి" అన్నాడు, రాసేశారు.

అందుకని హైమవతి కుర్చీలో కూర్చున్న మొదటి వారమే నలభై ఒక్క నియమాలు రాసింది. ఎవరు ఏం చెప్పాలన్నా ఫారం మీదే చెప్పాలి. ఏ క్లాజు గురించో దాని నంబరు వెయ్యాలి. ఆ మాట తీసి ఏ మాట పెట్టాలో అదీ రాయాలి. గడువు లోపల రావాలి. కార్యదర్శి ఎవరింటికీ వెళ్ళకూడదు, బయట ఎవరి మాటా చెవిన వేసుకోకూడదు. తిప్పి పంపిన కాయితానికైనా సరే నకలు తీసి ఫైల్లో ఉంచాలి.

మొదట్లో అందరూ గొణిగారు. కానీ చెప్పొద్దూ, ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో ఒక్క ట్యాంకు కూలలేదు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. నియమాలు చెడ్డవని చెప్పడానికి కాదు ఈ కథ ఎత్తుకున్నది.

అప్పుడొచ్చాడు వేదాద్రి. మానే సిమెంటు కనిపెట్టిన శాస్త్రవేత్త. చిన్న పలక ఒకటి పట్టుకొచ్చి కమిటీ బల్ల మీద పెట్టి, సుత్తితో ఒక్కటి వేశాడు. పలక మీద వెంట్రుకంత పగులు. దాని మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి, "భోజనాలు చేసి రండి" అన్నాడు. తిరిగొచ్చి చూస్తే పగులు లేదు. చంటిపిల్ల మోకాలు మానినట్టు మానిపోయింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకు చూశారు అందరూ.

"ఇందులో కంటికి కనపడని పురుగులున్నాయండీ. ఎండినంత కాలం నిద్రపోతాయి. పగులులోంచి తడి తగిలితే లేచి సున్నపురాయి కక్కుతాయి. గాయం మానగానే మళ్ళీ పడుకుంటాయి."

"మానిందని వాటికెలా తెలుస్తుందండీ?" అంది హైమవతి.

"తెలియక్కర్లేదు. లోపల కాస్త మేత పెట్టాను. మూడు మిల్లీమీటర్లు నింపేసరికి మేత అయిపోతుంది. తర్వాత లంఖణమే."

ఈ సిమెంటుతో తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టాలని అతని ఆరాటం. ఆర్నెల్లలో పుస్తకం ఇమ్మన్నాడు. రెండేళ్ళు పడుతుంది అంది హైమవతి.

"మీ నియమాలతో పుస్తకం బాగుపడుతుందేమో గానీ మేడం, ఈలోగా మనుషులు ముసలాళ్ళైపోతారు!"

"ముసలాళ్ళయ్యేదాకా బతికుంటారు కదా. నాకు అది చాలు."

వేదాద్రి ఇంకేమంటాడు? నోరు మూసుకుని ఒక్కో నియమమూ పాటించుకుంటూ వచ్చాడు. లాబులో వందల కొద్దీ దిమ్మలు పోశారు. ఇరవై ఎనిమిదేసి రోజులు మంచినీళ్ళ తొట్టెలో నానబెట్టారు, పగలగొట్టారు, మానబెట్టారు, మళ్ళీ పగలగొట్టారు. ప్రతి దిమ్మా నెగ్గింది.

ఆ దిమ్మలు పోసే మనిషి పైడమ్మ. ఇనుప అచ్చులకి లోపల నూనె రాసి, సిమెంటు కూరి, కడ్డీతో పొడిచి, పైన చదును చెయ్యడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. భీమిలి అవతల చేపల పల్లె నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చేది. సంతకం చెయ్యడం తప్ప చదువు లేదు. కానీ తడి సిమెంటు వేలితో నొక్కి, ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని చెప్పేది. యంత్రం కూడా తర్వాత అదే చెప్పేది.

ఒకరోజు టీ వేళ పైడమ్మ హైమవతి గది గుమ్మంలో వచ్చి నిలబడింది.

"అమ్మగోరూ, ఒక మాట సెప్పాల."

"చెప్పు పైడమ్మా. ముంజెలు తెచ్చావా ఏమిటి?"

"ముంజెలు గాదమ్మా. నా పొయ్యి నోరు మూసీసుకున్నాది."

హైమవతి నవ్వేసింది. "పొయ్యి అలిగిందా?"

"నవ్వకండమ్మా, సెప్పనియ్యండి. లాబులో పారేసీ సిమెంటు పట్టుకెళ్ళి పెరట్లో పొయ్యి ఎట్టుకున్నాను. సేపలు కడిగిన నీల్లు, గంజి నీల్లు అక్కడే పారబోత్తాను. తొలీత దుంగ పట్టీది. తరవాత పుల్లలు పట్టీవి. నిన్నటికి నా ఏలొక్కటే దూరతన్నాది. ఇంక పొయ్యి నేదమ్మా! బండరాయున్నాది."

హైమవతి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "కానీ పైడమ్మా, అది పగులు కాదు కదా. పొయ్యి నోరు."

"నానూ అదే అంతన్నానమ్మా. పగులేదో నోరేదో దానికేటి తెలుసు?"

 హైమవతి దగ్గర దానికి నియమం ఉంది. ఫారం పెట్టమంది. పైడమ్మ క్యాంటీను అతని చేత రాయించుకుని మర్నాడే తెచ్చింది. 'ఈ సిమెంటు కన్నాలు కూడా పూడ్చేస్తోంది. మా పొయ్యి పూడిపోయింది. వచ్చి చూడండి.' కింద వంకర సంతకం. క్లాజు నంబరు వెయ్యాల్సిన గడి ఖాళీ.

"ఇక్కడ నంబరు ఉండాలి పైడమ్మా."

"ఏ నంబరమ్మా?"

హైమవతి పుస్తకం చిత్తుప్రతి తీసి మొదటి నుంచి చివరిదాకా తిప్పింది. ఎనభై ఆరు క్లాజులు. గట్టిదనం గురించి ఉంది. పగుళ్ళ గురించి ఉంది. నీళ్ళ గురించి, నిప్పు గురించి ఉంది. "కన్నాల సంగతి ఇందులో ఎక్కడా లేదే" అంది.

"నేదనే గదమ్మా నాను సెప్తన్నాది! నేని దానికి నంబరెక్కడినుంచి తెచ్చీది?"

హైమవతి కలం పట్టుకుంది. పోనీ, బస్సెక్కి వెళ్ళి ఆ పొయ్యి ఒకసారి చూసొస్తే? గంట ప్రయాణం. కానీ కార్యదర్శి ఎవరింటికీ వెళ్ళకూడదని రాసింది తనే. ఇవాళ పైడమ్మ పెరట్లోకి వెళితే రేపు ఇంకో పెద్దమనిషి కాఫీకి పిలుస్తాడు. వద్దనడానికి నోరుంటుందా? కళ్ళ ముందు అన్నగారి బిందె కదిలింది, సొట్టపోయి రోడ్డు మీద దొర్లిన బిందె. ఆవిడ ముద్ర తీసి ఫారం మీద కొట్టింది. 'క్లాజు నంబరు లేనందున తిప్పి పంపడమైనది.' నకలు ఫైల్లో పెట్టింది.

పైడమ్మకి కోపం రాలేదు. వస్తే బాగుండును. "పోన్లెండమ్మా, మట్టితో ఇంకో పొయ్యి ఎట్టుకుంతాను" అని, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పుస్తకం వచ్చింది. ఇంత శుభ్రమైన ప్రమాణం ఇంతవరకూ చూడలేదని ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకున్నారు. నిజమే. అందులో ఉన్న మాటల్లో ఒక్క తప్పు లేదు.

మరో రెండేళ్ళకి ఆ సిమెంటుతో తీరం పొడుగునా షెల్టర్లు, లోపలి ఊళ్ళలో ఇళ్ళూ లేచాయి. పైడమ్మ పల్లెలోనూ ఒక షెల్టరు. గుమ్మానికి ఇనుప తలుపు. తుఫాను గాలి లోపలికి కొట్టకుండా, ఊపిరి మాత్రం ఆడేలా, కిటికీలకి బదులు గోడల నిండా అరచెయ్యి పట్టేంత కన్నాలు. రెండు వందల నలభై కన్నాలు. ఆ నక్షా హైమవతి బల్ల మీదుగానే వెళ్ళింది.

కార్తీకంలో తుఫాను పట్టుకుంది. రెండు రోజులు సముద్రం ఊరి మీదికి నురగ విసురుతూనే ఉంది. పల్లె జనం అరవై రెండు మంది షెల్టర్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మూడోనాడు పొద్దున్న గాలి తగ్గింది. హైమవతి ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో ఫోను మోగింది. అవతల ఆడమనిషి గొంతు, ఆయాసపడుతూ.

"అమ్మగోరూ, నాను నూకాలునండి. పైడమ్మ కూతుర్ని. తలుపు రాటం నేదండి. గోడలో కన్నాలు పూడిపోతన్నాయండి. మాయమ్మ అట్లకాడెట్టి గీకతన్నాది. మీకు సెప్పమన్నాది."

"ఏం చెప్పమంది?"

"'పొయ్యి అని సెప్పే, అమ్మగోరికి తెలుత్తాది' అన్నాదండి."

ఫోను తెగిపోయింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయి. హైమవతి చూస్తూ నిలబడిపోయింది.   తర్వాత ఒక్క ఉదుటున వేదాద్రికి ఫోను చేసింది. లాబులో రాళ్ళు తొలిచే యంత్రాలు రెండు లారీలో వేయించి, ఇద్దరూ అదే లారీ ఎక్కారు. దారి పొడుగునా చెట్లు పడి ఉన్నాయి. ఒక్కోటీ కోసుకుంటూ, పక్కకి లాక్కుంటూ వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది.

లారీ దిగి హైమవతి షెల్టరు కోసం చూసింది. కనపడలేదు. అంటే, ఉంది. ఎదురుగానే ఉంది. కానీ ఆవిడ వెతుకుతున్నది తలుపూ కన్నాలూ ఉన్న కట్టడం కోసం. అక్కడున్నది కోడిగుడ్డులా నున్నగా, తెల్లగా, ఎక్కడా సందు లేని ఒక పెద్ద రాయి. తలుపు ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు. ఇనుము మీదుగా రాయి పాకింది.

వేదాద్రి దగ్గరికి వెళ్ళి గోడ మీద చెయ్యి వేసి, నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కి లాక్కున్నాడు.

"వెచ్చగా ఉందండీ" అన్నాడు.  "ఇంకా... ఇంకా తింటున్నాయి. నేను పెట్టిన మేత ఎప్పుడో అయిపోయుండాలి. సముద్రం పెడుతోంది వాటికి. ఆ నురగ..."

లోపలి నుంచి చప్పుడు లేదు. హైమవతి గోడ తడుముకుంటూ చుట్టూ పరిగెత్తింది. వెనక వైపు, గాలి తగలని గోడకి, ఛాతీ ఎత్తున, ఒక చెయ్యి ఉంది.

ముసలి చెయ్యి. మణికట్టు దాకా బయటికి వచ్చి ఉంది. వేళ్ళ మధ్య అట్లకాడ. మణికట్టు చుట్టూ రాయి పెరిగి, మట్టిగాజుల పక్కన ఇంకో గాజు వేసినట్టు బిగుసుకుంది. ఆ చెయ్యి అడ్డం ఉండబట్టి బొటనవేలి వైపు రెండు వేళ్ళు పట్టేంత సందు మిగిలింది. కన్నం పూడబోయినప్పుడల్లా అట్లకాడతో గీకి గీకి, చివరికి గీకడానికి చోటు చాలక, చెయ్యే అడ్డం పెట్టేసింది పైడమ్మ. ఆ సందులోంచి సన్నగా ఒక పిల్ల ఏడుపు వినపడింది.

"ఇక్కడున్నారు! బతికున్నారు!" అని అరిచింది హైమవతి. రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుంది. "పైడమ్మా, నేనే. హైమవతిని. వచ్చాను."

వేళ్ళు ఆవిడ చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

యంత్రాలు అవతలి గోడ తొలవడం మొదలుపెట్టాయి. గంట పట్టింది. ఆ గంటలో ఎక్కడో, ఆ వేళ్ళ పట్టు మెల్లిగా సడలింది. హైమవతి ఎవరికీ చెప్పలేదు. గోడ తెరుచుకుని, లోపల జనాన్ని ఒక్కొక్కరినీ బయటికి మోసుకొచ్చేదాకా ఆ చేతిని అలాగే పట్టుకుని నిలబడింది.

యాభై ఒక్క మంది బతికారు. పిల్లల్ని వంతులవారీగా ఆ సందు దగ్గరికి ఎత్తి పట్టుకున్నారట. పదకొండు మంది పోయారు. పదకొండో మనిషి పైడమ్మ.

ఎనిమిదో నాడు కమిటీ కూర్చుంది. నూకాలుని సాక్ష్యానికి పిలిచారు. ఆ పిల్ల గోడ వారన కుర్చీలో కాదు, కింద కూర్చుంది, ఎంత చెప్పినా లేవలేదు. వేదాద్రి మనిషి సగమైపోయాడు. "నలభై ఒక్క నియమాలూ పాటించానండీ" అంటూ, అదే మాట పదే పదే. "ఒక్కటి తప్పలేదు. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదండీ."

అధ్యక్షుడు బల్ల గుద్దాడు. "ఈ నియమాలే చంపాయి వాళ్ళని. తీసి అవతల పారెయ్యండి. ఉప్పునీరు తగిలే చోట ఈ సిమెంటు వాడరాదని ఇవాళే ఒక ముక్క పుస్తకంలో చేర్చేద్దాం. అలా రాసెయ్యండి."

హైమవతి తల ఎత్తింది. "ఈ మాట నేను ఇదివరకు ఒకసారి విన్నానండీ" అంది. "అప్పుడు మా అన్నయ్య పోయాడు. ఉప్పునీరేనని ఎవరు పరీక్ష చేశారు? ఆ సిమెంటుతో కట్టిన ఇళ్ళలోంచి ఈ పూటే జనాన్ని బడుల్లోకి, సత్రాల్లోకి తరలించండి. దానికి పుస్తకం అక్కర్లేదు. పుస్తకంలో రాయాలంటే మాత్రం ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి."

కొందరు ఛీ అన్నారు. ఇంత జరిగాక కూడా నియమమేనా అన్నారు. కానీ తరలించారు, ఆగారు. కన్నాలున్న దిమ్మలు పోసి, ఈసారి మంచినీళ్ళలో కాదు, మనుషులు పారబోసే నీళ్ళలో పెట్టారు. సముద్రపు నీళ్ళు, సబ్బు నీళ్ళు, గంజి నీళ్ళు. అన్నిటికన్నా తొందరగా పూడినవి గంజి నీళ్ళలో పెట్టిన కన్నాలు! సముద్రానికి వంద మైళ్ళ దూరంలో ఉన్న వంటిళ్ళు కూడా పూడేవన్నమాట. ఆ రోజు ఆ ఒక్క ముక్కా రాసేసి చేతులు దులుపుకుని ఉంటే, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

అది తర్వాతి సంగతి. ఆ ఎనిమిదో నాటికి వద్దాం. హైమవతి ఫైలు తెరిచి ఆ తిప్పి పంపిన కాయితం నకలు తీసింది. చింపకుండా ఉంచమని తనే రాసిన నియమం వల్ల అది అక్కడుంది. లేచి నిలబడి పైకి చదివింది. 'ఈ సిమెంటు కన్నాలు కూడా పూడ్చేస్తోంది. మా పొయ్యి పూడిపోయింది. వచ్చి చూడండి.' కింద తన ముద్ర ఉంది. అదీ చదివింది, ఒక్క అక్షరం మింగకుండా.

 గోడ వారనుంచి నూకాలు అడిగింది, గట్టిగా కాదు, మామూలుగా.

"ఇప్పుడు నంబరు దొరికినాదా అమ్మా?"

హైమవతి కలం తీసి, ఆ ఖాళీ గడిలో సున్నా చుట్టింది.

"ఒకటో క్లాజు కంటే ముందు ఇది ఉండాల్సింది" అంది. "ఇకనుంచి ప్రతి పుస్తకానికీ మొదటి పేజీ ఖాళీగా ఉంటుంది. పుస్తకంలో లేని దాని గురించి ఎవరైనా, ఏ మాటల్లోనైనా, ఫారం లేకుండా వచ్చి చెప్పొచ్చు. చెబితే కార్యదర్శి వెళ్ళి కళ్ళతో చూడాలి."

"మరి ఎవరింటికీ వెళ్ళకూడదన్న మీ నియమం?" అన్నాడు అధ్యక్షుడు.

"ఒంటరిగా వెళ్ళకూడదు. ఇద్దరం వెళతాం. చూసింది ఇక్కడ అందరి ముందూ చదువుతాం. మిగతా నియమాలు ఎక్కడివక్కడ ఉంటాయి." ఫైలు మూసి, "నోరు కట్టడానికి కాదు నేను వాటిని రాసింది. ఆ సంగతి నేనే మరిచిపోయాను" అంది.

మర్నాడు వేదాద్రిని వెంటబెట్టుకుని హైమవతి పల్లెకి వెళ్ళింది. సున్నా నంబరు కింద మొట్టమొదట చూడాల్సింది పైడమ్మ పొయ్యి. పెరట్లో మట్టిపొయ్యి పక్కన మోకాలెత్తు బండ ఒకటి ఉంది. ఒక వైపు మాత్రం మసి పట్టి నల్లగా ఉంది. హైమవతి ఆ మసి ముందు గొంతుక్కూర్చుని, వేళ్ళతో నోరు కోసం తడిమింది. చాలాసేపు తడిమింది. వేదాద్రి మొహం అటు తిప్పుకున్నాడు.

"ఎతక్కండమ్మా" అంది నూకాలు. "రెండేల్ల కిందట వచ్చుంటే ఒక ఏలు దూరీది."

ఇదీ సంగతి. ఆ తెల్ల పేజీ తర్వాత అన్ని సామాన్ల పుస్తకాలకీ పాకింది. ఇక మీ వంతు. ఈసారి ఏ పుస్తకంలోనైనా ఆ తెల్ల పేజీ కనపడితే గబుక్కున తిప్పెయ్యకండి. ఒక్కసారి దాని మీద అరచెయ్యి ఆనించండి. పక్కనెవరున్నా, తెలిసినవాళ్ళయినా తెలియనివాళ్ళయినా, కూర్చోబెట్టి పైడమ్మ పొయ్యి సంగతి చెప్పండి. నేను చెప్పిన వరసలోనే చెప్పక్కర్లేదు, మీకు ఎలా వస్తే అలా చెప్పండి. చెప్పడం మాత్రం మానకండి.